డిపోలో కొలిచే పని, పీఆర్సీలో తేలే జీతం

చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి, మచిలీపట్నం నుంచి విజయవాడ, హైదరాబాదుల మీదుగా పుణె వరకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి కలిసే కూడలి బెంజ్ సర్కిల్. గన్నవరం, ఏలూరు వైపు పోయే దూరప్రాంత సర్వీసులు, బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు ఊళ్లను తాకుతూ డెల్టాలోకి దిగే పల్లెవెలుగు బస్సులు, బస్టాండుకూ ఆటోనగర్‌కూ మధ్య తిరిగే సిటీ బస్సులు చాలావరకు ఈ కూడలి పరిధిలోనే కదులుతుంటాయి. వాటిని నడిపే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ప్రధాన కార్యాలయం ఆర్టీసీ హౌస్ కూడా ఇదే నగరంలో, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ ఆవరణలో ఉంది. ఒక పెద్ద సంస్థ తన నిర్మాణాన్ని ఎలా మార్చుకుంటుంది, ఉద్యోగి పనిని ఏ కొలతతో చూస్తుంది, ఆ పనికి బదులుగా ఏమిస్తుంది అన్న మూడు ప్రశ్నలనూ ఒకేచోట పరిశీలించడానికి తెలుగునాట ఆర్టీసీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎందుకంటే సామాన్య ఉద్యోగి రోజువారీ పనిని ఇంత నిశితంగా అంకెల్లోకి ఎక్కించే ప్రభుత్వ రంగ సంస్థలు తక్కువ, ఆ అంకెలతో నిమిత్తం లేకుండా జీతం ఖరారయ్యే ఏర్పాటులోకి ఒకే రోజున మారిపోయిన సంస్థలు ఇంకా తక్కువ.

యాజమాన్య శాస్త్రం ఈ మూడు ప్రశ్నలకు మూడు పేర్లు పెట్టింది. సంస్థ తన పని పద్ధతులను, అధికార సంబంధాలను, మనుషుల మధ్య నమ్మకాన్ని పథకం ప్రకారం మెరుగుపరచుకోవడాన్ని సంస్థాగత వికాసం అంటారు. ఉద్యోగి నుంచి ఏమి ఆశిస్తున్నారో ముందే చెప్పి, పని జరుగుతుండగా గమనించి, లోపమున్నచోట శిక్షణ ఇచ్చి, చివరికి మదింపు చేయడం పనితీరు నిర్వహణ. ఇక ప్రతిఫలం అంటే నెల జీతం ఒక్కటే కాదు; భత్యాలు, ఇన్సెంటివ్, పదోన్నతి, వైద్య సదుపాయం, పదవీ విరమణ ప్రయోజనాలు, తోటివారి ముందు దక్కే మెచ్చుకోలు అన్నీ అందులో భాగమే. పుస్తకాల్లో ఈ మూడూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి గానీ, ఆచరణలో ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క కార్యాలయం, ఒక్కొక్క కాలంలో, వేర్వేరు ఒత్తిళ్ల మధ్య నిర్ణయిస్తుంది. ఆర్టీసీలో సమస్య మూలం అక్కడే ఉంది.

నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రవాణా విభాగానికి వారసురాలిగా, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. ఆ మొదటి సంవత్సరంలోనే కృష్ణా జిల్లా దానికి పెద్ద పరీక్ష పెట్టింది. జిల్లా రూట్లలో ఎన్నో ఏళ్లుగా బస్సులు నడుపుకుంటున్న ప్రైవేటు యజమానులు జాతీయీకరణ పథకాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లగా, గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసిన ఆ వివాదంలో 1958 నవంబరు 5న తీర్పు వెలువడింది. యజమానుల అభ్యంతరాలను విన్నది శాఖ కార్యదర్శి, ఆమోదముద్ర వేసింది ముఖ్యమంత్రి కాబట్టి, ఒకరు విని మరొకరు తేల్చే విచారణ ఉత్త లాంఛనమే అవుతుందని మెజారిటీ తరఫున జస్టిస్ కోకా సుబ్బారావు రాసి, పథకానికి ఇచ్చిన ఆమోదాన్ని కొట్టివేశారు. ఆ తరువాత ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విని మళ్లీ ఆమోదించిన పథకాన్ని 1959లో అదే న్యాయస్థానం నిలబెట్టింది. అది బస్సు రూట్ల తగాదాయే అయినా, అందులోని సూత్రం ఉద్యోగి పనితీరు మదింపుకూ అక్షరాలా వర్తిస్తుంది: పనిని చూసినవాడు ఒకడు, దానికి మార్కులు వేసేవాడు వేరొకడు, ఆ మార్కులకు విలువ కట్టేవాడు ఇంకెక్కడో ఉన్నవాడు అయినప్పుడు, మదింపు ఉద్యోగి దృష్టిలో కాగితం మీది తంతుగానే మిగులుతుంది.

డిపో అనేది ఆర్టీసీకి ప్రాథమిక కణం. డిపో మేనేజరు ముందుకు ప్రతి ఉదయం వచ్చే లెక్కల్లో మూడు ముఖ్యమైనవి. ఒక కిలోమీటరు తిరిగినందుకు బస్సుకు ఎంత రాబడి వచ్చిందో చెప్పేది ఈపీకే; ఉన్న సీట్లలో ఎంత శాతం నిండాయో చెప్పేది ఓఆర్, అంటే ఆక్యుపెన్సీ రేషియో; ఒక లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చెప్పేది కేఎంపీఎల్. వీటికి తోడు రద్దయిన ట్రిప్పులు, దారిలో ఆగిపోయిన బస్సులు, ప్రమాదాలు, టైర్ల ఆయుష్షు కూడా నమోదవుతాయి. ఈపీకే కండక్టరు మీద, కేఎంపీఎల్ డ్రైవరు మీద, దారిలో ఆగిపోయిన బస్సు మెకానిక్కు మీద పడుతుందన్నది డిపోల్లో అందరూ ఒప్పుకున్నట్టు నడిచే పద్ధతి. ఆ పద్ధతి ఎంతవరకు న్యాయమో తెలియాలంటే ఒక్కొక్క అంకె ఎలా పుడుతుందో దగ్గరగా చూడాలి.

ముందుగా కేఎంపీఎల్. సాధారణ డీజిల్ బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఇస్తుంది. వంద బస్సులున్న ఒక డిపోలో బస్సుకు రోజుకు 300 కిలోమీటర్ల చొప్పున మొత్తం 30,000 కిలోమీటర్లు తిరుగుతాయని అనుకుంటే, లీటరుకు 5 కిలోమీటర్ల లెక్కన రోజుకు 6,000 లీటర్లు కావాలి, అదే 5.1 వస్తే 5,882 లీటర్లు చాలు. దశాంశ బిందువు తరువాత ఒక్క అంకె మారితే రోజుకు 118 లీటర్లు, నెలకు మూడున్నర వేల లీటర్లకు పైగా మిగులుతుంది. అందుకే డిపోలు ఈ లెక్కను డ్రైవర్ల వారీగా తీసి, తక్కువ తెచ్చేవారిని శిక్షణకు పంపుతాయి. క్లచ్ మీద కాలు వేసి ఉంచి నడపడం, స్టాపు దగ్గరపడే దాకా వేగం తగ్గించకుండా ఒక్కసారిగా బ్రేకు నొక్కడం, బండి ఆగి ఉన్నా ఇంజను ఆపకపోవడం డ్రైవరు చేతిలోని తప్పులే, శిక్షణతో సరిదిద్దుకోగలిగినవే. కానీ టైర్లలో గాలి తక్కువగా ఉండటం, బ్రేకులు పట్టేసి ఉండటం, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం, ఇంజెక్టరు సరిగా చల్లకపోవడం గ్యారేజీ బాధ్యత. కూడళ్ల దగ్గర బందరు రోడ్డు మీద నత్తనడకన కదిలే వాహనాల వరుస ఎవరి బాధ్యతా కాదు. సిటీ సర్వీసు నడిపే డ్రైవరునూ, హైవే మీద ఎక్స్‌ప్రెస్ నడిపే డ్రైవరునూ ఒకే పట్టికలో ఎక్కించి వరుస నంబర్లు ఇస్తే ఆ పట్టిక మనిషి నైపుణ్యాన్ని కాక రోడ్డు స్వభావాన్నే కొలుస్తుంది. అదే రూటు, అదే రకం బస్సు, దాదాపు అదే వయసు ఇంజను ఉన్నవారి మధ్య పోల్చినప్పుడు మాత్రం కేఎంపీఎల్‌కు సాటి వచ్చే కొలత ఆర్టీసీలో మరొకటి లేదు. ఎందుకంటే తన కాలి కింద జరిగే మార్పు నెల తిరిగేసరికి అంకెలో కనిపించడాన్ని డ్రైవరు స్వయంగా గమనించగలడు. గణాంక నాణ్యతా శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ జీవితమంతా వాదించింది ఈ విచక్షణ కోసమే. ఫలితంలో కనిపించే తేడాల్లో అత్యధిక భాగం వ్యవస్థ నుంచి పుట్టినదేనని, దాన్ని మనిషికి అంటగట్టి బహుమతులూ శిక్షలూ పంచడం లాటరీతో సమానమని ఆయన అభిప్రాయం.

ఈపీకే విషయానికి వచ్చేసరికి ఆ న్యాయం ఇంకా పలచబడుతుంది. ఉదయం కాలేజీ వేళకు ఉయ్యూరు వైపు నుంచి బెంజ్ సర్కిల్‌కు వచ్చే బస్సులో కాలు పెట్టే చోటు లేకపోయినా, ఎక్కినవారిలో ఎక్కువమంది విద్యార్థి పాసులవాళ్లయితే కండక్టరు సంచిలో పడే డబ్బు స్వల్పమే. అంటే ఓఆర్ పొంగిపోతుంటే ఈపీకే నేల చూస్తుంటుంది. రూటును ఎంచేది, సమయపట్టిక వేసేది, ముందూ వెనుకా ఏ బస్సు నడవాలో తేల్చేది కండక్టరు కాదు. కూడళ్ల దగ్గర ప్రయాణికులను పట్టుకుపోయే షేర్ ఆటోల మీద అతనికి అధికారం లేదు. అతని చేతిలో ఉన్నవి స్టాపులో బస్సు ఆపించడం, పిలిచి ఎక్కించుకోవడం, ప్రతివారికీ టికెట్ కొట్టడం, మర్యాదగా మాట్లాడటం. వీటిలో డబ్బు లెక్కలోకి నేరుగా ఎక్కేది ఒక్క టికెట్ మాత్రమే. అమెరికా యాజమాన్య శాస్త్రవేత్త స్టీవెన్ కెర్ 1975లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో సంస్థలు ఒకదాన్ని ఆశిస్తూ మరొకదానికి బహుమతి ఇస్తాయని ఎత్తిచూపిన లోపం ఇదే. ప్రయాణికుడి పట్ల మర్యాదను సంస్థ కోరుతుంది, మెచ్చుకునేది మాత్రం కలెక్షన్‌ను. అలాంటప్పుడు పాసువాళ్లు గుంపుగా నిలబడ్డ స్టాపును బస్సు దాటేసి పోవడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. మదింపు అంకె నేర్పిన పాఠాన్నే అక్కడ ఆచరిస్తున్నారు.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం మొదలైన తరువాత ఈ కొలత పునాదే కదిలిపోయింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన మహిళలకు గుర్తింపు కార్డు చూసి కండక్టరు సున్నా టికెట్ ఇవ్వాలి. ఆ చార్జీని ప్రభుత్వం సంస్థకు భర్తీ చేయాలి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచే ఇదే తీరులో నడుస్తున్నది. ప్రయాణికులు పెరిగారు, కార్డులు చూడవలసిన పని కొత్తగా చేరింది, ట్రిప్పు సమయం మాత్రం సమయపట్టికలో ఉన్నంతే. కండక్టరు పని పెరిగి, సంచిలో నగదు తగ్గింది. నగదును బట్టి పనిని చూసే అలవాటు ఇక చెల్లదు. సున్నా టికెట్‌ను పూర్తి టికెట్‌తో సమానంగా పనితీరు లెక్కలో చేర్చకపోతే, మహిళలు ఎక్కువగా ఎక్కే రూటులో డ్యూటీ పడటమే శిక్ష అవుతుంది. చేర్చినంత మాత్రాన కూడా సమస్య తీరదు, ఎందుకంటే ఎక్కనివారికి సైతం సున్నా టికెట్లు కొట్టే ప్రలోభం అప్పుడు పుడుతుంది. ఏ ఒక్క అంకెకూ ప్రతిఫలాన్ని నేరుగా ముడిపెట్టకూడదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అవసరం లేదు.

ఆర్టీసీలో శిక్షల విధానం మాత్రం మొదటినుంచీ పదునుగానే ఉంది. చెకింగ్ స్క్వాడ్ ఎక్కినప్పుడు డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదని తేలితే, చార్జి మెమో, సస్పెన్షన్, విచారణ, కొన్నిసార్లు ఉద్యోగం నుంచి తొలగింపు వరకు విషయం వెళుతుంది. మొత్తం ఎంత చిన్నదైనా, పోయింది సంస్థ నమ్మకమని వివిధ రవాణా సంస్థల కేసుల్లో సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. దానితో పోలిస్తే ఏళ్ల తరబడి ఒక్క ప్రమాదం లేకుండా నడిపిన డ్రైవరుకు రోడ్డు భద్రత వారోత్సవాల్లో దక్కే శాలువా, ప్రశంసాపత్రం, కొద్దిపాటి నగదు చాలా చిన్నవి. అయినా ఆ సత్కారాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రమాదం జరగకపోవడం అనేది ఏ రోజు లెక్కలోనూ కనిపించని పని. ఆ కనిపించని పనిని ఏడాదికి ఒకసారైనా పేరు పిలిచి గుర్తించే సందర్భం అదొక్కటే.

2020 జనవరి 1న సంస్థ స్వరూపం మారింది. తమను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న ఆర్టీసీ కార్మికుల డిమాండు మీద మాజీ ఐపీఎస్ అధికారి ఆంజనేయరెడ్డి అధ్యక్షతన ఏర్పాటైన కమిటీ నివేదికను 2019 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించింది, డిసెంబరులో శాసనసభ చట్టం చేసింది, కొత్త సంవత్సరం మొదటి రోజున సుమారు 52 వేల మంది ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ అనే ప్రభుత్వ శాఖలోకి వచ్చారు. సరిగ్గా అదే కాలంలో తెలంగాణ ఆర్టీసీలో విలీనమే ప్రధాన డిమాండుగా 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగి ఫలితం తేలకుండానే ముగిసిందని గుర్తుంచుకుంటే, ఇక్కడి కార్మికులకు ఆ జనవరి ఎంత పెద్ద ఊరటో అర్థమవుతుంది. అయితే ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. బస్సులు, డిపోలు, భూములు, అప్పులు కార్పొరేషన్ పేరునే ఉండిపోగా, మనుషులు మాత్రమే ప్రభుత్వంలోకి మారారు. శాఖ కమిషనరు, సంస్థ మేనేజింగ్ డైరెక్టరు ఒకే అధికారి. రాబడి తెచ్చే బాధ్యత సంస్థది, జీతమిచ్చే బాధ్యత ఖజానాది.

విలీనానికి ముందు జీతాల సవరణ నాలుగేళ్లకోసారి యాజమాన్యానికీ, రహస్య బ్యాలెట్‌లో గెలిచిన గుర్తింపు సంఘానికీ మధ్య బేరసారాలతో తేలేది. ఆ బల్లకు రెండు వైపులా కూర్చున్నవారికి డిపోల పరిస్థితి తెలుసు. డీజిల్ ఖర్చు, కేఎంపీఎల్, డ్యూటీ గంటలు, ఇన్సెంటివ్ అన్నీ అదే చర్చలోకి వచ్చేవి. విలీనం తరువాత జీతం రాష్ట్ర ఉద్యోగులందరితో పాటు వేతన సవరణ సంఘం, అంటే పీఆర్సీ, పరిధిలోకి వెళ్లింది. ఉద్యోగ భద్రత వచ్చింది, నెల మొదట్లో జీతం వస్తుందా అన్న బెంగ తగ్గింది, పదవీ విరమణ వయసు విలీన క్రమంలో 58 నుంచి 60కి, తరువాత ప్రభుత్వ ఉద్యోగులతో పాటు 62కు పెరిగింది. పాత పింఛను మాత్రం రాలేదు. మునుపటి వైద్య సదుపాయం తిరిగి కావాలని సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ప్రతిఫలం అంటే జీతం ఒక్కటే కాదన్న సూత్రానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు. జీతం భద్రమైన తరువాత కూడా ఆస్పత్రి గురించి అడుగుతున్నారంటే, వారు కోల్పోయామనుకుంటున్నది డబ్బు కాదు, సంస్థ తమను తనవారిగా చూసుకునేదన్న భావన.

పీఆర్సీ ఎలా పనిచేస్తుందో విజయవాడ 2022 ఫిబ్రవరి 3న కళ్లారా చూసింది. అశుతోష్ మిశ్రా నేతృత్వంలోని 11వ పీఆర్సీ 27 శాతం ఫిట్‌మెంట్ సిఫార్సు చేసింది. ఫిట్‌మెంట్ అంటే పాత మూలవేతనానికి, అందులో కలిపే కరువు భత్యానికి (డీఏ) పైన కొత్త మూలవేతనం కోసం చేర్చే పెంపు శాతం. నివేదిక వచ్చేలోపు ఊరటగా ఇచ్చే మధ్యంతర భృతి, అంటే ఐఆర్, 2019 జూలై నుంచి 27 శాతం అందుతూ వచ్చింది. ప్రభుత్వం 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించి, ఇంటి అద్దె భత్యం శ్లాబులు తగ్గించింది. పెండింగు డీఏలు కలిపితే చేతికి వచ్చే మొత్తం పెరుగుతుందని ప్రభుత్వం వాదించింది. 27 ఇస్తూ 23కు దించడం జీతానికి కోత అని ఉద్యోగులు వాదించారు. లెక్క ప్రకారం రెండు వాదనలకూ ఆధారముంది. కానీ ప్రతిఫలాన్ని మనిషి చూసేది మొత్తంతో కాదు, తాను నిన్నటిదాకా పొందినదానితో పోల్చి. ఈ సంగతి తెలియక తీసిన ఉత్తర్వు అది. ‘చలో విజయవాడ’ పిలుపుతో వేలాదిగా తరలివచ్చిన ఉద్యోగులతో బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. రెండు రోజుల తరువాత ఐఆర్ రికవరీ వదులుకోవడానికి, అద్దె భత్యం సవరించడానికి, పీఆర్సీని మళ్లీ అయిదేళ్లకోసారి వేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది, ఉద్యోగులు తలపెట్టిన సమ్మె ఆగింది. ఫిట్‌మెంట్ 23 శాతం దగ్గరే నిలిచింది. ఆ మొత్తం చర్చలో ఏ శాఖ ఉద్యోగి ఎలా పనిచేశాడన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. రాకపోవడం పీఆర్సీ తప్పు కాదు. అది ధరల పెరుగుదలకు విరుగుడు, పనికి మెప్పు కాదు. పనికి మెప్పు ఇచ్చే మార్గం దానికి వేరుగా, డిపో స్థాయిలో ఉండాలి. విలీనం తరువాత బలహీనపడింది ఆ మార్గమే.

ఆ మార్గాన్ని మళ్లీ బలపరచడానికి పనికొచ్చే పాఠాలు దగ్గరలోనే ఉన్నాయి. పని మీద ఆసక్తిని శిక్షణతో పెంచవచ్చునన్న భావనకు తెలుగునేలతో గాఢమైన సంబంధం ఉంది. హార్వర్డు మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం 1964, 1965 సంవత్సరాల్లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ద్వారా కాకినాడ వ్యాపారులకు సాధనాభిలాషలో, అంటే అనుకున్నది సాధించాలన్న తపనలో, శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందిన 52 మందిలో పలువురు తరువాతి కాలంలో వ్యాపారాన్ని విస్తరించారని, లక్ష్యాలను తామే పెట్టుకుని ఫలితాన్ని తామే చూసుకోవడం వారిలో మార్పు తెచ్చిందని 1969లో వెలువడిన పుస్తకంలో రాశారు. తరువాత అహ్మదాబాదు ఐఐఎంకు చెందిన ఉదయ్ పరీక్, తెలుగువారైన టి.వి. రావు కలిసి 1970ల మధ్యలో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ కోసం రూపొందించిన విధానంలో మదింపు నివేదికను రహస్యంగా రాసి అటకెక్కించడం మాని, అధికారి, ఉద్యోగి ఎదురెదురుగా కూర్చుని ఏడాది పనిని మాట్లాడుకునే పద్ధతి పెట్టారు. భారతీయ మానవ వనరుల వికాసానికి అది మూలపాఠమైంది.

ఆ పాఠం డిపోలో అమలు కావాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కేఎంపీఎల్ పట్టికను రూటు వారీగా, బస్సు వయసు వారీగా విడగొట్టాలి. పక్కనే గ్యారేజీ చేసిన మరమ్మతుల లెక్క కూడా ఉండాలి. కండక్టరు పనిని నగదుతో కాక, ఎక్కించుకున్న మొత్తం ప్రయాణికులతో, సమయపాలనతో, ఫిర్యాదులతో కలిపి చూడాలి. ఆదా అయిన డీజిలులో కొంత వాటాను డ్రైవరు, మెకానిక్కు, కండక్టరు కలిసి ఒక జట్టుగా పంచుకునేలా డిపోకే వదిలేయాలి; వ్యక్తికి ఇచ్చే బహుమతి పోటీని పెంచుతుంది, జట్టుకు ఇచ్చేది టైరులో గాలి ఎవరు చూడాలన్న వాదనను తగ్గిస్తుంది. అన్నిటికంటే ముందు, తక్కువ అంకె తెచ్చిన డ్రైవరును పిలిచి మెమో చేతిలో పెట్టే ముందు ఆ బస్సును తానే ఒక ట్రిప్పు గమనించి వచ్చిన అధికారే అతనితో మాట్లాడాలి. ఈ నాలుగింటిలో దేనికీ కొత్త చట్టం గానీ, పీఆర్సీ సిఫార్సు గానీ అవసరం లేదు. డిపో మేనేజరుకు ఆ మేరకు అధికారం ఇస్తూ ఆర్టీసీ హౌస్ ఒక ఉత్తర్వు తీస్తే చాలు.